నిత్యోపయోగమున కొక్క లెన్సు



ఈ మాసమున కెమెరాను గూర్చి వ్రాయుమని ముగ్గురు నలుగురు సోదరీమణులు కోరియున్నారు. వారి ప్రశ్నల సారాంశ మొక్కటే. కెమెరాతో జతగా వచ్చిన లెన్సు తృప్తి నిచ్చుట లేదు. వేరొకటి కొందమన్న అంగడివాడు పది రకములు ముందుంచుచున్నాడు. వీథులలోను ప్రయాణములలోను నిత్యము వాడుకొనుట కేది మంచిది? ఈ ప్రశ్న మా యింట రెండేండ్ల క్రిందటనే పుట్టినది. సమాధానము దొరకుటకు ముందు మే మొక తప్పు చేసితిమి. తప్పును దాచి సలహా మాత్రము చెప్పుట న్యాయము కాదు గనుక రెంటిని కలిపియే వ్రాయుచున్నాము.

మా వారు ఆదోనిలో ఉపాధ్యాయులు. హైదరాబాదులోనున్న మా మరిదిగారు క్రొత్త కెమెరా కొనుకొన్నప్పుడు పాతదగు నికాన్ కెమెరాను మాకు పంపిరి. దానికి 18 నుండి 55 వరకు అంకెలు వ్రాసియున్న జూము లెన్సు బిగించియుండెను. ఈ యంకెలు మిల్లీమీటర్లు. అంకె చిన్నదైన కొలది లెన్సు విశాలముగా చూచును. పెద్దదైన కొలది ఇరుకుగా, దూరపు వస్తువును దగ్గరకు లాగినట్లు చూచును. ఇంతకన్న లోతైన శాస్త్రము కొనుగోలు నాటికి అక్కరలేదు. ఒక్క మెలిక మాత్రము గుర్తుంచుకొనవలయును. పాత ఫిల్ము కెమెరాలలో బొమ్మ పడు చోటు 36 మిల్లీమీటర్ల వెడల్పు గలది. 1925లో జర్మనీవారు లైకా అను చిన్న కెమెరాను అంగడిలో పెట్టినప్పుడు దానికి 50 మిల్లీమీటర్ల లెన్సునే అమర్చిరి. నాటినుండి 50 అనగా సహజదృష్టికి దగ్గరిదని పేరు వచ్చినది. మా కెమెరావంటి వానిలో ఆ చోటు 23.5 మిల్లీమీటర్లే గనుక వానిలో 35 మిల్లీమీటర్ల లెన్సు ఆ పని చేయును. 50 కొన్నచో అది 75 వలె ఇరుకుగా చూచును. అంగడివాడు దీనిని చెప్పడు. చెప్పవలసిన అవసరము వానికి లేదు.

ఇక మా తప్పు. పెండ్లిండ్లకు ఫొటోలు తీయు పరిచితు డొకడు 70 నుండి 300 వరకు పోవు పొడవాటి లెన్సును నాలుగు దినములకు మాకిచ్చెను. మేము దానిని సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కితిమి. ఎమ్మిగనూరు ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు. 1938లో మాచాని సోమప్పగా రచ్చట నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. 1954లో వారికి పద్మశ్రీ బిరుద మిచ్చిరి. ఆ యూరిలో నేతవారి వీథిమొగసాల నిలువబడి లెన్సును 300 వరకు త్రిప్పి చూచితిమి. నలుబది యేబది గజముల దూరమున అరుగుపై నొక వృద్ధురాలు రాట్నము త్రిప్పుచు కండెలు చుట్టుచుండెను. ప్రాతఃకాలపు టెండ నూలుపోగు మీద మెరయుచుండెను. ఆమె మమ్ము చూడలేదు. మేము తీసితిమి. బొమ్మ నిజముగా చక్కగా వచ్చినది. మా వారు దానిని బంధువులకు ఫోనులో పంపిరి. వారు వారి వారికి పంపిరి.

రెండు నెలలకు మరల ఆ వీథికి పోయినప్పుడు ఆమెయే మమ్ము గుర్తుపట్టెను. వీథివారెవరో మేము కెమెరాతో నిలుచుండుట చూచియుండిరి.

"నువ్వు యాడ నిలబడుంటివమ్మా? నాకు కండ్ల బడనే లేదే! రవిక బుజం కాడ చినిగింది. మా కోడలి పుట్టినోళ్లు గూడా చూసినారంట. ఒక్కమాట అడిగింటే కొంగు సర్దుకునేదాన్ని గదమ్మా" అని ఆమె అనెను. కోపముగా అనలేదు. కోపించినచో మాకు సులభముగా నుండెడిది.

మాకు మాట రాలేదు. ఇంటికి వచ్చి ఆ బొమ్మను చూచితిమి. భుజముపై రెండంగుళముల చినుగు. తీసిననాడు మేము దానిని గమనించినయెడల "ఎంత సహజము" అనియే సంతోషించి యుందుమేమో! మా చేతిలో నున్న ప్రతిని చెరిపివేసితిమి. పదిమంది చేతులలోనికి పోయినదానిని ఏమి చేయగలము? ఆ లెన్సును తుడిచి యజమానికి పంపివేసితిమి.

దూరపు లెన్సు దుష్టమైనదని మా మాట కాదు. పక్షులను తీయువారికి, క్రికెట్టాటను తీయువారికి అది కావలయును. పిట్టకన్నును గురిచూచు నర్జునునికి చెట్టు కనబడకున్నను లోపము లేదు. వీథిలో కూర్చుండియున్న యాడుదానిని మాత్రము అట్లు గురిచూడరాదు. దగ్గరి లెన్సు గలవారు మనిషి బొమ్మ కావలెనన్న రెండు మూడు గజముల చేరువకు పోక తప్పదు. పోయినచో పలుకరింపక తప్పదు. ఆమె వలదన్నచో తిరిగి రావలసినదే. మా యెంపికకు ఇది మొదటి కారణము. మిగిలిన కారణములు వెలుతురు, దుమ్ము, డబ్బు. అవియు చిన్నవి కావు.

"అడిగినచో జనులు బిగుసుకొని నిలుతురు, సహజత్వము పోవును" అని మా వారు వాదించిరి. మొదటి బొమ్మలో నిజమే. మేము మొదటి రెండింటిని వారికై తీయుదుము, వారికి చూపుదుము, తరువాత అరుగుపై కూర్చుండి ధరవరలు, పిల్లల చదువులు మాటలాడుదుము. అర్ధగంటలో రాట్నము మరల తిరుగును. మనము అచ్చట నున్నట్లు వారికి తెలియును, ఐనను పని పనియే. ఆదోనిలో ఈ పలుకరింపునకు తెలుగొక్కటే చాలదు. ఆ యూరు 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. బజారులో తెలుగు, కన్నడము, ఉరుదు మూడును వినవచ్చును. మూడు భాషలలోను "తీయవచ్చునా?" అని అడుగుట నేర్చుకొంటిమి.

ఇక దుమ్ము మాట. ఆదోని పత్తి వ్యాపారమునకు పేరుపడిన యూరు. శీతకాలమున మార్కెట్టు యార్డులో పత్తి బోరెములు దిన్నెలుగా పడియుండును. హమాలీలు మోయుచుందురు, ఆడువారు రాలిన పత్తిని ఏరుచుందురు, దూదిపింజలు గాలిలో తేలుచుండును. ఛాయాచిత్రమునకు ఇంతకన్న చక్కని చోటు మా ప్రాంతమున లేదని మా యభిప్రాయము. కెమెరా కింతకన్న చెడ్డ చోటును లేదు! మొదటి యేట అచ్చట జూమును విప్పి వేరొక లెన్సును బిగించితిమి. అర నిమిషము పని. ఇంటికి వచ్చి చూడగా ప్రతి బొమ్మలోను ఆకాశముపై సన్నని పురుగులు ప్రాకినట్లు మచ్చలు. దూదినూలు లోపలికి పోయి బొమ్మ పడు పలకపై అంటుకొన్నది. రబ్బరు బుడ్డితో ఊదగా కొంత పోయెను. మిగిలినదానికి పనివానికి డబ్బిచ్చితిమి. నోటితో ఊదకుడు, తుంపరలు పడి మరింత చెడును. నాటినుండి మా నియమ మొక్కటి. ఇంట తలుపు వేసి లెన్సు బిగించుట, తిరిగి ఇల్లు చేరువరకు విప్పకుండుట. అట్టి నియమము పెట్టుకొన్నవారికి రెండు మూడు లెన్సులు సంచిలో మోయుటవలన ప్రయోజన మేమున్నది?

పత్తి ప్రస్తావన వచ్చినది గనుక మరొక మాట. తెల్లని కుప్పను చూచి కెమెరా మోసపోవును. వెలుతురు మిక్కిలి హెచ్చుగా నున్నదని భ్రమించి బొమ్మను నల్లబరచును. పత్తి బూడిదరంగున వచ్చును. కూడిక, తీసివేత గుర్తులు గల మీటను కూడిక వైపు ఒక్క మెట్టు జరుపుడు. పత్తి పత్తివలె తెల్లగా నుండును. తెల్లపంచెలు కట్టిన పెద్దల గుంపును తీయునప్పుడును ఇంతే.

"జూమునే విప్పకుండ ఉంచుకొనరాదా, దానిలో 35 కూడ నున్నది గదా?" అని మీరడుగవచ్చును. ఎండలో అదియే చాలును. చిక్కు ఇంటి లోపల. ఎమ్మిగనూరు నేతయిండ్లలో గుంటమగ్గములు చూచినవారికి తెలియును. నేసెడివారు గుంటలో కాళ్లు వ్రేలవేసి కూర్చుందురు. గదికి ఒక్క కిటికీ, అదియు మగ్గము ప్రక్కన. లెన్సులోని వెలుతురు ద్వారమునకు ఎఫ్ అను గుర్తుతో అంకె వేయుదురు. ఈ అంకె చిన్నదైన ద్వారము పెద్దది. మా జూము 35 వద్ద తెరచుకొనునది సుమారు 4.5 వరకే. ఒంటి లెన్సు 1.8 వరకు తెరచుకొనును. ఈ రెంటికి నడుమ వెలుతురు భేదము ఆరు రెట్లు. జూముతో సెకండులో పదవవంతు తెరచి ఉంచవలసినచోట ఒంటి లెన్సుతో అరువదవవంతు చాలును. పదవవంతులో నాడె యటుండ నిండు, నేసెడివాని ముఖమే చెదరును. అరువదవవంతులో ముఖము నిలుచును, నాడె మాత్రము కదలినట్లుండును, అది అందము.

ఐతే 1.8 ఉన్నదని ఎల్లవేళల 1.8నే వాడకుడు. ముక్కు స్పష్టమై చెవి మసకబారును. మనిషితోపాటు మగ్గమును కనబడవలయునన్న 2.8, 4 మేలు. పట్టపగలు వీథిలో 8 పెట్టి, దూరము 5 మీటర్లకు సరిచేసి విడిచినచో మా కెమెరాలో 3 మీటర్ల మొదలు 14 మీటర్ల వరకు అంతయు తేటగా వచ్చును. నడచువారిని తీయుటకు సెకండులో 250వ వంతైనను ఉండవలయును.

35 మేలా, 50 మేలా అను తగవు మాయింట పదిదినములు జరిగినది. 50 చవుక, పైగా ముఖములు అందముగా వచ్చునని మా వారి పక్షము. ఒకనాడు నల్లబల్ల లెక్కతోనే దానిని తీర్చితిమి. పలక వెడల్పును లెన్సు అంకెచే భాగించి, వచ్చినదానిని మనము నిలుచు దూరముచే గుణించినచో బొమ్మలో ఎంత వెడల్పు పట్టునో వచ్చును. నేతగదిలో గోడ కానుకొని నిలిచినను మగ్గమునకు రెండు మీటర్లకన్న దూరము పోలేము. రెండు మీటర్ల దూరమున 50 పట్టునది 94 సెంటీమీటర్లు. 35 పట్టునది 134. చీరపన్నా 46 అంగుళములనగా సుమారు 117 సెంటీమీటర్లు! 50తో చీర అంచులు రెండును తెగిపోవును. 35తో అంచులును వచ్చును, ప్రక్క నొక చేయియు వచ్చును. మా వారు సుద్దముక్క క్రింద పెట్టిరి. మీ యింటి వంటగదికి, మీ వీథికి మీరును ఈ లెక్క వేసికొనవచ్చును. విశాలమైన మైదానములలో తిరుగువారికి 50యే నచ్చునేమో. ఆదోని కోటక్రింది ఇరుకు సందులలో మాకు 35 సరిపోయినది.

కొనుటకు ముందు డబ్బు ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. మీ యొద్దనున్న జూమును 35 వద్ద నిలిపి కదలకుండ కాగితపుపట్టీ అంటించి వారము దినములు తిరుగుడు. తరువాతి వారము 50 వద్ద అంటించుడు. దేనితో నున్నప్పుడు పట్టీని చింపివేయవలెనను కోరిక తక్కువగా కలుగునో అదియే మీది. ఇంతకుముందు మీరు తీసిన బొమ్మలను కంప్యూటరులో తెరచినచో ఏ బొమ్మ ఏ అంకెతో తీసినదో అందే వ్రాసియుండును, అదియు చూడుడు. మా బొమ్మలలో సగమునకు పైగా 30కి 40కి నడుమనే యుండెను. మనసు ముందే నిర్ణయించుకొన్నది, మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

కెమెరా లేక ఫోను మాత్రమే యున్న సోదరీమణులు చిన్నబుచ్చుకొనవలదు. ఫోనులోని ముఖ్యమైన లెన్సు చాల విశాలముగా చూచును. దానితో ముఖమునకు మరీ దగ్గరగా పోయినచో ముక్కు లావై చెవులు వెనుకకు పోవును. చాల ఫోనులలో 2 రెట్లు అని యుండును. దానిని నొక్కి రెండడుగులు వెనుకకు జరిగినచో మేము చెప్పుచున్న సహజదృష్టికి దగ్గరగా వచ్చును.

ఒక్క లెన్సుతో జీవితకాలపు పని చేసినవారు లోకమున కలరు. ఫ్రాన్సు దేశస్థుడగు హెన్రీ కార్టియే బ్రెసన్ అధికముగా 50 మిల్లీమీటర్ల లెన్సునే వాడెను. 1948 జనవరి 30న గాంధీమహాత్ముని చివరి దినమున ఆయనను దర్శించి తీసినవా రాయనయే. మన దేశమున తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయి వ్యారావాలా 1913లో నవసారిలో జన్మించి 2012లో స్వర్గస్థురాలయ్యెను. ఆమె వాడిన కెమెరాలలో రోలీఫ్లెక్సు ఒకటి. దాని లెన్సు విప్పుటకే రాదు. దగ్గరకు కావలసిన ముందుకు నడువవలెను, దూరము కావలసిన వెనుకకు నడువవలెను. పురుషుల గుంపులలో చీర కట్టుకొని ఆమె యట్లే నడచినది.

మన తెలుగునాటి చరిత్రలోను ఒక ముచ్చట కలదు. నిజాము ప్రభువుల ఛాయాగ్రాహకులైన రాజా దీనదయాళు 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో నొకదానిని తెరపించిరి. లోపల పని చూచినవారు కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత. పురుషుడు తలుపు వెలుపల నిలువవలసినచోట స్త్రీకి లోపలికి దారి యున్నదని ఆయన నూటముప్పది యేండ్లకు పూర్వమే గ్రహించెను. వంటయిల్లు, మగ్గపుగది, బాలింతరాలి మంచము, ఇవన్నియు మనము పిలిచిన పలికెడు చోట్లు. అచ్చటికి పొడవాటి గొట్టము పట్టుకొని పోవుటకంటె అరచేత నిముడు చిన్న లెన్సుతో పోవుట మర్యాదగా నుండును. అత్తగారు సైతము మా క్రొత్త లెన్సును చూచి "ఇది కుంకుమభరిణె అంత ఉన్నదే" అనిరి.

ఒక్క లెన్సుతో కానిపనులను కూడ చెప్పెదము. ఆదోని షాహీ జామియా మసీదును బిజాపురపు పాలనలో సిద్ది మసూద్ ఖాను కట్టించెను. దాని ముఖభాగ మంతయు ఎదుట నిలిచిన 35లో పట్టదు. మేము ఒక కమాను, దాని నీడలో కూర్చున్న ముసలివారిని తీసికొని తృప్తిపడితిమి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామివారి జాతరలో రథము కదలునప్పుడు వెనుకకు జరుగ సందుండదు. రథచక్రము, తాడు పట్టిన చేతులు మాత్రమే దొరకును. కలశమునుండి చక్రమువరకు కావలెనన్నవారు మేడ నెక్కవలెను. కొండమీది కోటనుండి ఊరంతయు చూపవలెనన్న బుద్ధి పుట్టిన దినమున కెమెరాను క్రింద పెట్టి కంటితో చూచి దిగివచ్చితిమి.

వెల మాట. మేము కొన్ననాడు ఈ తరగతి లెన్సులు క్రొత్తవి పది పదునైదు వేల రూపాయల ప్రాంతమున దొరకెడివి. పాతవి ఇంకను తక్కువ. పాతది కొనునప్పుడు వెనుకనుండి టార్చి వెలుతురు వేసి ముందునుండి చూడుడు. లోపల సాలెగూడువంటి తెల్లని చారలున్న అది బూజు. ఎంత చవుకైనను వలదు. గుండ్రని కట్టను త్రిప్పినప్పుడు గరగర మనరాదు. మన కెమెరాకు బిగించి దగ్గరి వస్తువును దూరపు వస్తువును తానే సరిచూచుకొనుచున్నదా యని పరీక్షింపుడు. కొన్ని చిన్న నికాన్ కెమెరాలలో పాతరకపు లెన్సులు బిగియునే గాని తమంతట సరిచేసికొనవు. మాది బరువు 200 గ్రాములు. మేము పంపివేసిన పొడవాటిది అంతకు మూడింతలకు పైగా నుండెను. పిల్లవానిని చంకనెత్తుకొని బస్సెక్కు తల్లులకు ఈ భేదము వ్రాసి చూపనక్కరలేదు. మాకు డబ్బు కూడుటకు ఐదు నెలలు పట్టినది. దసరాకు కొనదలచిన పట్టుచీర నూలుచీర యయ్యెను. నూలుచీరను ఎమ్మిగనూరులోనే కొంటిమి.

ఆనాడే ఆ వీథికి పోయితిమి. ఆమె అరుగుపైననే యున్నది. కెమెరాను సంచిలో నుంచియే ప్రక్కన కూర్చుండి, తప్పైనదని చెప్పితిమి. "పోనిలేమ్మా" అని ఆమె మజ్జిగ తెప్పించెను. మజ్జిగ త్రాగి, "ఇప్పుడు అడుగుచున్నాము, తీయవచ్చునా?" అంటిమి. ఆమె వెంటనే ఔననలేదు. లోపలికి పోయి చాలసేపటికి వచ్చెను. తల దువ్వుకొని, నీలపు రవిక తొడిగి, కోడలిని గూడ వెంటబెట్టుకొని వచ్చి రాట్నముముందు కూర్చుండెను.

"ఆమె కూడా రావాల. వాళ్ల పుట్టినోళ్లకు ఇది పంపియ్యి" అనెను.

రెండు గజముల దూరమున నేలపై కూర్చుండి తీసితిమి. వెలుతురు మొన్నటంత బాగులేదు, మబ్బు పట్టియుండెను. ఆమె తిన్నగా మా వైపే చూచుచున్నది. కోడలు నవ్వు ఆపుకొనలేక నోటికి కొంగడ్డము పెట్టుకొన్నది. కాగితముపై రెండు ప్రతులు అచ్చువేయించి, ఒకటి వారి కిచ్చితిమి, రెండవది వియ్యాలవారి యూరికి తపాలున పంపితిమి.